లైన్ తెగినప్పుడు ప్రోగ్రాం ఏం చేయాలి? సాకెట్ ఎర్రర్ల వెనక కథ

ఇంజనీరింగ్, బీఎస్సీ కంప్యూటర్స్ చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు మన గ్రూపులో చాలామందే ఉన్నారు. నెట్‌వర్క్స్ ల్యాబ్‌లో సాకెట్ ప్రోగ్రాం మీరందరూ రాసే ఉంటారు. ఒక విండోలో సర్వర్, ఇంకో విండోలో క్లయింట్, రెండూ ఒకే కంప్యూటర్‌లో. హలో అని పంపితే హలో అని తిరిగొస్తుంది, రికార్డు మీద సంతకం పడిపోతుంది. ఆ ప్రోగ్రాంలో లైన్ ఎప్పుడూ తెగదు. మన ఏజెన్సీలో మాత్రం లైన్ తెగని రోజు ఉండదు.

ఇది చిన్న విషయం కాదు. డీఆర్ డిపోలో ఒక ముసలవ్వ మిషన్ మీద వేలు పెట్టిందనుకోండి. మిషన్ తిరిగి తిరిగి చివరికి టైమ్ అవుట్ అంది. ఇప్పుడు ఆమె బియ్యం తీసుకున్నట్టు అక్కడ సర్వర్‌లో ఎక్కిందా, ఎక్కలేదా? ఎక్కకపోతే మళ్ళీ వేలు పెట్టొచ్చు. ఎక్కి ఉంటే రెండోసారి పెట్టగానే "మీ కోటా అయిపోయింది" అంటుంది. నాలుగు కిలోమీటర్లు నడిచొచ్చిన మనిషి ఖాళీ సంచితో వెనక్కి పోవాలి. దీనికి డీలర్‌ని తిట్టి లాభం లేదు, సిగ్నల్‌ని తిట్టీ లాభం లేదు. లైన్ తెగితే ఏం జరగాలో ప్రోగ్రాం రాసేటప్పుడే ఎవరో ఆలోచించి ఉండాలి. ఆ ఆలోచన ఎక్కడ మొదలైంది, ఎన్ని దెబ్బలు తిని నేర్చుకున్నారు అన్నదే ఈ పోస్టు.

1969 అక్టోబర్ 29 రాత్రి. లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో చార్లీ క్లైన్ అనే విద్యార్థి, స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్న కంప్యూటర్‌లోకి లాగిన్ అవ్వాలని చూశాడు. అవతల బిల్ డువాల్ ఉన్నాడు. పక్కనే ఫోన్ లైన్ కూడా పెట్టుకున్నారు. "ఎల్" కొట్టాడు, వచ్చిందా అని ఫోన్లో అడిగాడు, వచ్చిందన్నారు. "ఓ" కొట్టాడు, అదీ వచ్చింది. "జీ" కొట్టగానే అవతలి సిస్టమ్ పడిపోయింది. కమాండ్‌లో మిగిలిన అక్షరాలు తానే నింపి ఒకేసారి వెనక్కి పంపాలని అవతలి కంప్యూటర్ చూసింది. అక్కడి ప్రోగ్రాం ఒకసారికి ఒక్క అక్షరమే వస్తుందనుకుని అంతే చోటు పెట్టుకుంది. సుమారు గంట తర్వాత సరిచేసుకుని మళ్ళీ లాగిన్ అయ్యారు.

ఇంటర్నెట్‌కు తల్లి లాంటి ఆర్పానెట్‌లో పోయిన మొట్టమొదటి సందేశం అలా సగంలో తెగింది. తప్పు వైరులో లేదు, సిగ్నల్‌లో లేదు, "ఇంతే వస్తుంది" అనుకున్న ప్రోగ్రాంలో ఉంది. ఇప్పుడు మనం చూసే సాకెట్ ఎర్రర్లలో సగం ఇదే జాతి.

ఆర్పానెట్ తొలి రోజుల్లో కంప్యూటర్లకు పెద్దగా బెంగ ఉండేది కాదు. ఐఎంపీ అనే చిన్న మెషిన్లు మధ్యలో కూర్చుని డేటాను భద్రంగా చేరవేసేవి. నెట్‌వర్క్ నమ్మకమైనదే అనుకుని పైన ప్రోగ్రాంలు రాసుకున్నారు. రేడియో మీద, ఉపగ్రహం మీద డేటా పంపడం మొదలయ్యాక ఆ నమ్మకం చెల్లలేదు. 1974 మే నెలలో వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ రాసిన వ్యాసం ఆలోచనను తిరగేసింది. మధ్య దారిని నమ్మొద్దు, ప్యాకెట్లు పోతాయి, తారుమారవుతాయి, రెండేసి వస్తాయి, ఆ లెక్కంతా రెండు కొసల్లో ఉన్న కంప్యూటర్లే చూసుకోవాలి అన్నారు. అందులోంచి పుట్టిందే టీసీపీ. ప్రతి బైటుకూ నంబరు, అందిందని అవతలి నుంచి రసీదు, రసీదు రాకపోతే మళ్ళీ పంపడం.

1977 నవంబర్ 22న దీన్ని పరీక్షించిన తీరు మనవాళ్ళకు నచ్చుతుంది. శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర రోడ్డు మీద పరిగెత్తే ఒక వ్యాన్‌లో రేడియో పెట్టి, అక్కడి నుంచి డేటాను ఆర్పానెట్ మీదుగా, ఉపగ్రహ నెట్‌వర్క్ మీదుగా యూరప్ దాకా తిప్పి మళ్ళీ కాలిఫోర్నియాకి తెచ్చారు. పాడేరు ఘాట్‌లో బస్సెక్కి వాట్సాప్‌లో ఫొటో పంపినవాళ్ళకు ఆ వ్యాన్ కష్టం చెప్పక్కర్లేదు. అంటే టీసీపీ మొదటి నుంచీ పోతూ వస్తూ ఉండే సిగ్నల్ కోసమే తయారైంది. దాని మీద ప్రోగ్రాంలు రాసేవాళ్ళే ల్యాబ్‌లో కేబుల్ పెట్టుకుని, సిగ్నల్ ఎప్పుడూ ఉంటుందనుకున్నారు.

1983 జనవరి 1న ఆర్పానెట్ మొత్తం టీసీపీకి మారింది. అదే ఏడాది ఆగస్టులో బర్క్‌లీ నుంచి 4.2 బీఎస్‌డీ అనే యూనిక్స్ వచ్చింది, సాకెట్ అందులోంచే ప్రపంచంలోకి వచ్చింది. మనం రాసే సాకెట్, బైండ్, లిజన్, యాక్సెప్ట్, కనెక్ట్ అన్నీ ఆ బర్క్‌లీ వాళ్ళు పెట్టిన పేర్లే. నలభై ఏళ్ళు దాటినా పెద్దగా మారలేదు.

వాళ్ళు చేసిన తెలివైన పని, ప్రమాదకరమైన పని కూడా ఒక్కటే. యూనిక్స్‌లో ఫైల్‌ని ఎలా చదువుతామో, రాస్తామో, నెట్‌వర్క్‌ని కూడా అలాగే రీడ్, రైట్ అని వాడుకోమన్నారు. నేర్చుకోవడం తేలికయ్యింది. కానీ పక్కనున్న డిస్క్‌లో ఫైల్ వేరు, కొండ అవతలున్న కంప్యూటర్ వేరు. ఫైల్లో 1000 బైట్లు అడిగితే, ఉంటే 1000 వస్తాయి. సాకెట్‌లో 1000 అడిగితే 300 రావచ్చు, మిగతావి తర్వాత రావచ్చు. ఇది ఎర్రర్ కాదు, దాని పద్ధతే అది. రీడ్ సున్నా ఇచ్చిందంటే అవతలివాళ్ళు మర్యాదగా ముగించారని అర్థం. అదీ ఎర్రర్ కాదు. సున్నాని పట్టించుకోకుండా మళ్ళీ మళ్ళీ చదివే లూప్ రాసి ల్యాప్‌టాప్ ఫ్యాన్ గిర్రున తిప్పే ప్రోగ్రాంలు ప్రతి కాలేజీలోనూ ఉంటాయి.

నిజంగా ఎర్రర్ అయితే ఫంక్షన్ మైనస్ 1 ఇస్తుంది, కారణం ఎర్ర్‌నో అనే చోట ఒక నంబరుగా ఉంటుంది. ఆ కారణాలన్నిటినీ కలిపి "నెట్‌వర్క్ ఎర్రర్" అని ఒకే మాట చెప్పి ఊరుకోవడం నా దృష్టిలో బద్ధకం. ఒక్కొక్కటీ ఒక్కో కబురు చెప్తుంది.

కనెక్షన్ రిఫ్యూజ్డ్ అంటే ఇల్లు దొరికింది, తలుపు కొట్టాం, "ఆ పేరుతో ఇక్కడెవరూ లేరు" అని జవాబు వచ్చింది. చాలాసార్లు దారి బాగానే ఉన్నట్టు, అవతల ప్రోగ్రాం నడవట్లేదు అంతే. సర్వర్‌ని ఇప్పుడే రీస్టార్ట్ చేస్తుండొచ్చు, కొంచెం ఆగి మళ్ళీ తట్టొచ్చు. టైమ్డ్ అవుట్ అలా కాదు. గుట్ట మీద నుంచి కేకేశాం, జవాబే లేదు. మనిషి లేడా, ఉండీ మన కేక వినబడలేదా, అతను పలికినా మనకు వినబడలేదా? మూడింట్లో ఏదైనా కావచ్చు. రీసెట్ బై పీర్ మరీ విచిత్రం. మాట్లాడుతూ మాట్లాడుతూ ఉండగా అవతలివాడు "నువ్వెవరో నాకు తెలీదు" అంటాడు. సర్వర్ దగ్గర కరెంటు పోయి వచ్చిందనుకోండి, దానికి పాత కనెక్షన్ గుర్తుండదు. మన డేటా చేరగానే రీసెట్ పంపేస్తుంది. 1981 సెప్టెంబర్‌లో వచ్చిన టీసీపీ పత్రం, ఆర్‌ఎఫ్‌సీ 793లోనే ఈ సగం తెగిన కనెక్షన్ గురించి వివరంగా రాశారు. రీసెట్ వచ్చాక ఆ సాకెట్‌ని పట్టుకుని వేలాడి లాభం లేదు. మూసేసి, కొత్తది తెరిచి, లాగిన్ దగ్గర నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి.

బ్రోకెన్ పైప్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే సర్వర్లను పడేసింది ఇదే. యూనిక్స్‌లో 1973 నుంచే పైపులు ఉన్నాయి. ఒక ప్రోగ్రాం రాసింది ఇంకోటి చదువుతుంది. చదివేది మధ్యలో ఆపేసి వెళ్ళిపోతే, రాసేదానికి ఒక సిగ్నల్ వెళ్తుంది, దాన్ని పట్టించుకోని ప్రోగ్రాం అక్కడికక్కడే చచ్చిపోతుంది. పైపుకి అది మంచి ఏర్పాటే, వినేవాడు లేకపోతే చెప్పేవాడు ఎందుకు? ఈ పాత ఆచారం సాకెట్‌కి కూడా వచ్చేసింది. ఒక సర్వర్ వందమందికి సేవ చేస్తోందనుకోండి. అందులో ఒకరి ఫోన్ సిగ్నల్ పోయి కనెక్షన్ మూసుకుపోయింది. సర్వర్ అది తెలియక అతనికి రాస్తూ పోయింది. సిగ్నల్ తగిలింది, సర్వర్ చచ్చింది, మిగతా తొంభై తొమ్మిది మందీ రోడ్డున పడ్డారు. ప్రోగ్రాంలో తప్పు ఎక్కడుందో వెతికితే కనబడదు, ఎందుకంటే ఎర్రర్ మెసేజ్ రాసే టైమ్ కూడా దానికి దొరకదు. అందుకే సీలో సర్వర్ రాసేవాళ్ళు మొదటి పనిగా ఆ సిగ్‌పైప్‌ని పట్టించుకోవద్దని సిస్టమ్‌కి చెప్పేస్తారు. అప్పుడు అది మామూలు ఎర్రర్‌గా వస్తుంది, ఆ ఒక్కరి సాకెట్ మూసేసి ముందుకు పోవచ్చు. పైథాన్ ఈ పని తానే చేసి పెడుతుంది, అందుకే పైథాన్‌తో మొదలుపెట్టినవాళ్ళకు ఈ బాధ తెలియదు.

ఇంకో గొడవ ఇంటరప్ట్ ఎర్రర్. ప్రోగ్రాం రీడ్ కోసం ఎదురుచూస్తుండగా సిస్టమ్ దాన్ని వేరే పని మీద పిలిచిందనుకోండి. తిరిగొచ్చాక రీడ్ తనంతట తానే కొనసాగాలా, లేక "మధ్యలో లేపారు, మళ్ళీ అడుగు" అని మైనస్ 1 ఇవ్వాలా? రిచర్డ్ గేబ్రియల్ 1991లో అచ్చయిన తన వ్యాసంలో ఈ వాదం చెప్తాడు. ఎంఐటీ వైపు మనిషి కష్టమైనా సిస్టమే సరిచేయాలంటాడు, యూనిక్స్ వైపు మనిషి సిస్టమ్ సింపుల్‌గా ఉండాలి, ప్రోగ్రాం రాసేవాడే చూసుకుంటాడంటాడు. గెలిచింది రెండోవాళ్ళే. ఫలితంగా లోకంలో లక్షల ప్రోగ్రాంలలో అదే లూప్, ఇంటరప్ట్ అయితే మళ్ళీ అడుగు అని, ఎవరికి వాళ్ళు రాసుకున్నారు, మరిచిపోయినవాళ్ళు దెబ్బతిన్నారు. 4.2 బీఎస్‌డీలో కొంత సరిచేశారు. పైథాన్ అయితే 2015లో వచ్చిన 3.5 వెర్షన్ దాకా ఆగింది, అప్పుడు ఆ మళ్ళీ అడగడం భాషలోకే వచ్చింది. అంతకుముందు 2012లో 3.3తో కనెక్షన్ రిఫ్యూజ్డ్, రీసెట్, బ్రోకెన్ పైప్, టైమ్ అవుట్ ఒక్కోదానికి విడివిడిగా పేరున్న ఎక్సెప్షన్లు వచ్చాయి. ఇప్పుడు కూడా వాటిని వదిలేసి మొత్తం మీద ఒకే ఎక్సెప్ట్ పెట్టి, లోపల పాస్ అని రాసేవాళ్ళున్నారు. దానికంటే ప్రోగ్రాం పడిపోవడమే నయం, కనీసం తప్పు ఉందని తెలుస్తుంది.

విండోస్ వైపు 1993లో విన్‌సాక్ 1.1 వచ్చింది. సాకెట్ అదే, ఎర్రర్ చెప్పే పద్ధతి వేరు. ఎర్ర్‌నో చూస్తే దొరకదు, వేరే ఫంక్షన్ పిలిచి అడగాలి. నెట్ సెంటర్లలో 10054, 10060, 10061 అని నంబర్లు కనబడేవి కదా, అవి వరుసగా రీసెట్, టైమ్ అవుట్, రిఫ్యూజ్డ్. మనిషికి అర్థంకాని నంబర్ని మనిషి ముందు పెట్టడం అప్పటి నుంచి ఉన్న జబ్బే.

ఇక మళ్ళీ ప్రయత్నించడం. ఎర్రర్ వస్తే రీట్రై చెయ్యి అని అందరూ చెప్తారు. ఎంత ఆగి, ఎన్నిసార్లు అన్నది చెప్పరు. ఈ పాఠం మొదట హవాయి దీవుల్లో నేర్చుకున్నారు. 1971లో నార్మన్ అబ్రామ్సన్ బృందం దీవుల మధ్య రేడియోతో కంప్యూటర్లను కలిపింది, దాని పేరు అలోహానెట్. ఇద్దరు ఒకేసారి పంపితే రెండూ గుద్దుకుని పాడైపోతాయి. ఇద్దరూ సరిగ్గా అంతే సేపు ఆగి మళ్ళీ పంపితే మళ్ళీ గుద్దుకుంటాయి. అందుకని ఒక్కొక్కరు చీటీ తీసినట్టు ఒక్కో సమయం ఆగాలి. ఈ ఆలోచన తీసుకుని 1973లో జిరాక్స్ పార్క్‌లో రాబర్ట్ మెట్‌కాఫ్ ఈథర్‌నెట్ తలపెట్టాడు. ఈథర్‌నెట్‌లో గుద్దుకున్న ప్రతిసారీ ఆగే గడువు రెట్టింపవుతూ పోతుంది.

ఈథర్‌నెట్‌లో ఇది ఉన్నా టీసీపీ రాసినవాళ్ళు అంత జాగ్రత్త పడలేదు. 1986 అక్టోబర్‌లో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌కీ బర్క్‌లీ యూనివర్సిటీకీ మధ్య డేటా వేగం సెకనుకు 32 కిలోబిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. దూరమెంతో తెలుసా, 400 గజాలు. నడిచి వెళ్ళి కాగితం ఇచ్చి వచ్చినా అంతకంటే త్వరగా అయిపోతుంది. కారణం ఏమిటంటే దారిలో రద్దీ వల్ల ప్యాకెట్లు పోతే, ప్రతి కంప్యూటరూ పోయినవాటిని వెంటనే మళ్ళీ పంపింది. దానివల్ల రద్దీ ఇంకా పెరిగింది, ఇంకా పోయాయి, ఇంకా పంపాయి. వాన్ జాకబ్సన్ దీన్ని పట్టుకుని కూర్చుని 1988లో పరిష్కారం అచ్చువేశాడు. నష్టం కనబడితే వేగం తగ్గించు, ఆగే సమయం రెట్టింపు చేస్తూ పో అన్నది అందులో ముఖ్యం. ఇప్పటికీ మన ఫోన్లో టీసీపీ ఆ పద్ధతి మీదే నడుస్తోంది. లైనక్స్‌లో చాలా ఏళ్ళపాటు ఉన్న అలవాటు చూడండి: కనెక్ట్ అని అడిగాక జవాబు రాకపోతే 1, 2, 4, 8, 16, 32, 64 సెకన్లు ఆగుతూ ఆరుసార్లు మళ్ళీ అడిగి, మొత్తం 127 సెకన్లకు టైమ్ అవుట్ అనేది.

పైన మనం రాసే ప్రోగ్రాం ఇదే తప్పు మళ్ళీ చేయగలదు, చేసింది కూడా. 2003 మేలో అమెరికాలో విస్కాన్సిన్ యూనివర్సిటీ టైమ్ సర్వర్ మీద ఉన్నట్టుండి వరద పడింది. జూన్‌కల్లా సెకనుకు రెండున్నర లక్షల ప్యాకెట్లు దాటాయి. దాడి అనుకున్నారు. తీరా చూస్తే నెట్‌గేర్ కంపెనీ ఇళ్ళకు అమ్మిన రౌటర్లు. వాటిలో ఆ సర్వర్ అడ్రస్ నేరుగా రాసిపెట్టారు. టైమ్ అడిగితే జవాబు రాకపోతే ప్రతి సెకనుకూ మళ్ళీ అడగమని రాశారు. అలాంటివి ఏడు లక్షల పైనే అమ్ముడుపోయాయి. సర్వర్ బరువెక్కి జవాబివ్వలేకపోతే అడిగేవాళ్ళు ఇంకా పెరుగుతారు. అక్కడున్నది ఒక్క లైను తప్పే, "జవాబు రాకపోతే 1 సెకను ఆగు". స్కాలర్‌షిప్ అప్లికేషన్‌కి చివరి తేదీ రాత్రి మనమందరం రిఫ్రెష్ నొక్కుతాం చూడండి, అదే ఇది, ఏడు లక్షల చేతులతో.

టైమ్ అవుట్ దగ్గరికి మళ్ళీ రావాలి, ఎందుకంటే అసలు చిక్కు అక్కడే ఉంది. 1975లో అక్కోయున్లు, ఏకనాథం, హ్యూబర్ అనే ముగ్గురు ఒక పత్రంలో రెండు ముఠాల కథ చెప్పారు. మధ్యలో కబురు పోయే అవకాశం ఉన్న దారి. ఇద్దరూ ఒకేసారి పనిలోకి దిగాలి. కబురు పంపినవాడికి అందిందో లేదో తెలీదు, అందినట్టు రసీదు పంపినవాడికి ఆ రసీదు అందిందో లేదో తెలీదు. ఎన్ని రసీదులు మార్చుకున్నా చివరిదాని మీద అనుమానం మిగిలే ఉంటుంది. 1978లో జిమ్ గ్రే దీనికి ఇద్దరు సేనాపతుల సమస్య అని పేరు పెట్టాడు. దీన్ని ఏ కంపెనీ, ఏ 5జీ కూడా పరిష్కరించలేదు, ఎందుకంటే పరిష్కారం ఉండదని లెక్కతో చూపించేశారు.

మరి డిపోలో అవ్వ సంగతి? అనుమానాన్ని పోగొట్టలేం గానీ, రెండుసార్లు అడిగినా నష్టం లేకుండా చేయొచ్చు. మిషన్ పంపే ప్రతి లావాదేవీకి ముందే ఒక నంబరు ఇవ్వాలి. టైమ్ అవుట్ అయితే కొత్త లావాదేవీ మొదలుపెట్టకుండా అదే నంబరుతో మళ్ళీ అడగాలి. సర్వర్ ఆ నంబరు ముందే చూసి ఉంటే "ఇది అయిపోయింది, ఇదిగో రసీదు" అనాలి, కోటా రెండోసారి కొయ్యకూడదు, "అయిపోయింది పో" అనీ అనకూడదు. 1997 జనవరిలో వచ్చిన హెచ్‌టీటీపీ 1.1 పత్రం కూడా ఏయే రకం అభ్యర్థనలు ఎన్నిసార్లు పంపినా ఫలితం ఒకటే ఉండాలో విడిగా చెప్పింది. యూపీఐలో డబ్బు పంపినప్పుడు పెండింగ్ అని చూపించి, కాసేపటికి సక్సెస్ అనో ఫెయిల్డ్ అనో మారుతుంది కదా, అక్కడా ఒక నంబరు పట్టుకుని స్థితి కనుక్కోవడమే జరుగుతుంది. పెండింగ్ అన్న మాట నాకు నచ్చుతుంది. తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకునే మాట అది. ఫెయిల్డ్ అని అబద్ధం చెప్పే యాప్‌లు ఇంకా చాలా ఉన్నాయి.

ప్రోగ్రాం రాసేవాళ్ళు మరిచిపోయేది ఇంకోటుంది, ఎర్రరే రాకపోవడం. అవతల ఫోన్ బ్యాటరీ తీసేశారనుకోండి, వీడ్కోలు చెప్పడానికి ఎవరూ లేరు. మన వైపు రీడ్ ఎదురుచూస్తూనే ఉంటుంది, రోజులైనా. దీనికి కీప్ అలైవ్ అని ఒకటుంది, "ఉన్నావా" అని అప్పుడప్పుడూ తట్టడం. కానీ 1989 అక్టోబర్ నాటి ఆర్‌ఎఫ్‌సీ 1122 ప్రకారం అది మామూలుగా ఆపి ఉండాలి, ఆన్ చేసినా డీఫాల్ట్ గడువు రెండు గంటలకు తగ్గకూడదు. ఊరికే తట్టడం వల్ల డబ్బు ఖర్చు, మంచి కనెక్షన్లు కూడా తెగుతాయని వాళ్ళ భయం. మనం డేటా రాసినా అంతే, రసీదు రాకపోతే లైనక్స్ సుమారు 15 నిమిషాలు తంటాలు పడి అప్పుడు గానీ ఎర్రర్ చెప్పదు. క్యూలో నిలబడ్డ మనిషి 15 నిమిషాలు ఆగడు. అందుకని మన గడువు మనమే పెట్టుకోవాలి. ఎంత పెట్టాలన్నది ల్యాబ్‌లో కూర్చుని తేల్చేది కాదు. మూడు సెకన్లు పెడితే హైదరాబాద్‌లో బాగుంటుంది, చింతూరు అవతల టూజీ మీద మంచి కనెక్షన్ని కూడా మనమే నరికేసుకుంటాం.

ప్రాజెక్టు చేస్తున్నవాళ్ళు ఒక పని చేసి చూడండి. క్లయింట్‌ని ఫోన్లో పెట్టి, డేటా పోతుండగా ఫ్లైట్ మోడ్ వేయండి. ఇంకోసారి సర్వర్‌ని మధ్యలో చంపి మళ్ళీ లేపండి. మూడోసారి సర్వర్ పని పూర్తిచేశాక, జవాబు పంపే ముందు వైఫై తీసేయండి. మొదటి రెండూ చాలామంది ప్రోగ్రాంలు తట్టుకుంటాయి. మూడో దాంట్లో రిజిస్టర్‌లో ఎంట్రీ ఒకటి పడిందా, రెండు పడ్డాయా చూసి ఇక్కడ రాయండి. వచ్చే పోస్టులో పేరు నుంచి అడ్రస్ కనుక్కునే డీఎన్ఎస్ సంగతి చూద్దాం, అది ఫెయిలయ్యే తీరు వీటన్నిటికంటే వేరు.